వారానికి ఒక్కసారే: కీళ్లవాతానికి పనికొచ్చిన ఒక పాత మందు కథ



వైద్య సహాయం కోరుతూ మన సొసైటీకి వచ్చే దరఖాస్తులు రెండు రకాలు. గుండె ఆపరేషన్, రోడ్డు ప్రమాదం, కాన్పులో కష్టం వంటివి మొదటి రకం. వాటికి ఎంత ఖర్చవుతుందో ఆసుపత్రివారు కాగితం మీద రాసి ఇస్తారు. దాతలు ముందుకు వస్తారు, పని పూర్తవుతుంది, అల్‌హమ్దులిల్లాహ్. రెండో రకం దరఖాస్తుల్లో అడిగే మొత్తం చిన్నది. కానీ ఆ అవసరం ఒక్క నెలతో తీరదు, ఒక్క ఏడాదితోనూ తీరదు. బీపీ, షుగర్, ఆస్తమా, కీళ్లవాతం వంటి దీర్ఘకాలిక జబ్బులున్నవారి దరఖాస్తులు ఈ కోవలోవి.

ఈ రెండో రకం గురించి దాతలు మమ్మల్ని తరచుగా ఒక మాట అడుగుతారు. "మందు చవకే కదా, దానికి కూడా మన సాయం కావాలా?" అని. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబుగా ఈ ఏడాది సంచికలో ఒక మందు కథ చెప్పాలనుకున్నాం. ఆ మందు పేరు మెథోట్రెక్సేట్. ముందు క్యాన్సర్ కోసం తయారైన మందు అది. ఇప్పుడు దాన్నే చాలా చిన్న మోతాదులో, వారానికి ఒక్కసారి, రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతానికి ప్రపంచమంతటా డాక్టర్లు మొదటి మందుగా రాస్తున్నారు. దాని పుట్టుక వెనుక మన తెలుగువాడొకరు ఉన్నారు. మాత్ర ఖరీదు కొద్ది రూపాయలే. అయినా ఆ రోగికి మన సాయం ఎందుకు కావాలో ఈ వ్యాసం చివరికి తేటపడుతుందని ఆశిస్తున్నాం.

ఒక మనవి. మేము డాక్టర్లం కాము. ఇది చదివి ఎవరూ ఈ మందును సొంతంగా మొదలుపెట్టవద్దు. ఇప్పటికే వాడుతున్నవారు సొంతంగా ఆపవద్దు. ఏ నిర్ణయమైనా మీ డాక్టరుగారితో మాట్లాడాకే తీసుకోండి.

ఇది మోకాళ్ల అరుగుదల కాదు

మన ఇళ్లలో కీళ్ల నొప్పులు అనగానే పెద్దవాళ్ల మోకాళ్లు గుర్తుకొస్తాయి. వయసు మీద పడి, కీలు అరిగి వచ్చే నొప్పి అది. రుమటాయిడ్ ఆర్థరైటిస్ వేరు. మన శరీరంలో రోగాలతో పోరాడే రక్షణ వ్యవస్థ దారి తప్పి, సొంత కీళ్ల లోపలి పొర మీదే దాడి చేయడం దీనికి కారణం. పెద్దవాళ్లలో దాదాపు వందకు ఒకరికి లేదా అంతకన్నా కొంచెం తక్కువ మందికి ఇది వస్తుంది. మగవారికన్నా ఆడవారిలో రెండు మూడు రెట్లు ఎక్కువ. చాలామందికి 30 నుంచి 50 ఏళ్ల మధ్య మొదలవుతుంది. అంటే పిల్లలు ఇంకా చదువుకుంటూ ఉండగా, ఇల్లు నడవాల్సిన వయసులో పట్టుకుంటుంది.

సాధారణంగా ముందు చేతివేళ్లు, మణికట్లు, పాదాల చిన్న కీళ్లు వాస్తాయి. రెండు చేతులకూ ఒకేలా వస్తుంది. ఉదయం లేవగానే వేళ్లు బిగుసుకుపోయి, ఆ బిగువు సడలడానికి గంటకు పైగా పడుతుంది. ఫజర్ వేళ ఆ బాధ మరీ ఎక్కువ. వుజూకు కుళాయి తిప్పడం కష్టం, ఖాయిదాలో కూర్చుని లేవడం కష్టం, రొట్టెల పిండి కలపడం కష్టం. జరీ పని, మగ్గం పని, మిషన్ కుట్టు, బీడీలు చుట్టడం, లక్క గాజులకు రాళ్లు అతకడం, ఇవన్నీ వేళ్లతో బతికే పనులు. ఆ వేళ్లే వంగకపోతే ఆ ఇంటి సంపాదన అక్కడే ఆగిపోతుంది.

ఈ జబ్బులో కీలు ఒకసారి దెబ్బతిని వంకర తిరిగిందంటే ఏ మందూ దాన్ని మళ్లీ తిన్నగా చేయలేదు. అందుకే మొదటి నెలలు చాలా విలువైనవి. ఆ నెలల్లోనే మన పేదవారు ఎక్కువగా తిరిగేది ఎక్కడికి? నొప్పి మాత్రల కోసం మందుల షాపుకు, ఇంజెక్షన్ కోసం ఆర్ఎంపీ దగ్గరకు, ఎవరో చెప్పిన పొడుల కోసం ఊరూరా. నొప్పి మాత్ర ఆ పూటకు నొప్పి తగ్గిస్తుంది, లోపల కీలు పాడవుతూనే ఉంటుంది. స్టెరాయిడ్ అయితే రెండు రోజుల్లో అద్భుతంగా పని చేసినట్లు కనిపిస్తుంది. డాక్టరు పర్యవేక్షణలో కొద్దికాలం వాడితే దానికీ ఒక స్థానం ఉంది. అడిగేవారు లేకుండా ఏళ్ల తరబడి వాడితే షుగర్ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి, ముఖం ఉబ్బుతుంది, ఇన్ఫెక్షన్లు తొందరగా పట్టుకుంటాయి. జబ్బును లోపలి నుంచి అణచి, కీలును కాపాడే మందు వేరే ఉంది. మనం చెప్పుకోబోయేది దాని గురించే.

భీమవరం నుంచి బోస్టన్ దాకా

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. కుటుంబానిది పేదరికం. ఆయన సోదరులు స్ప్రూ అనే విరేచనాల జబ్బుతో చనిపోయారు. మద్రాసులో వైద్యం చదువుకుని, 1920ల మొదట్లో అమెరికాలోని బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి పనిచేశారు. రక్తంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలిచే వారి పద్ధతి వారి పేర్లతోనే ప్రసిద్ధమైంది. కండరాలకు శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థాన్ని వారు 1929లో గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా దాన్ని కనుగొన్నారు.

1940లో సుబ్బారావుగారు లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనశాలకు వెళ్లారు. బోదకాలు వ్యాధికి ఇప్పటికీ వాడుతున్న డైఇథైల్ కార్బమజైన్ ఆయన నాయకత్వంలోనే వచ్చింది. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే ఫోలిక్ ఆసిడ్ అనే విటమిన్‌ను కృత్రిమంగా తయారు చేసిందీ ఆయన బృందమే. తన సోదరులను తీసుకుపోయిన స్ప్రూ జబ్బులో ఆ ఫోలిక్ ఆసిడ్ మందుగా పనికొచ్చింది.

శరీరంలో కొత్త కణాలు పుట్టాలంటే ఫోలిక్ ఆసిడ్ కావాలి. లుకీమియా అనే రక్త క్యాన్సర్‌లో చెడ్డ కణాలు విపరీతంగా పుట్టుకొస్తాయి. అలాంటప్పుడు ఫోలిక్ ఆసిడ్‌ను పోలి ఉండి, దాని పని మాత్రం చేయని పదార్థాన్ని ఇస్తే ఏమవుతుంది? తాళంలో దూరుతుంది కానీ తిరగని తాళంచెవి లాంటిదన్నమాట. అది లోపల ఉన్నంతసేపు అసలు తాళంచెవి దూరదు. బోస్టన్‌లో పిల్లల డాక్టరు సిడ్నీ ఫార్బర్ అలాంటి మందు కోసం చూస్తుంటే, సుబ్బారావుగారి బృందం అమినోప్టెరిన్ తయారు చేసి ఇచ్చింది. అప్పటిదాకా లుకీమియా వచ్చిన పిల్లలకు కొద్ది వారాలో నెలలో తప్ప బతుకు లేదు. ఫార్బర్ 16 మంది పిల్లలకు ఆ మందు ఇస్తే 10 మందిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. 1948 జూన్‌లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావుగారు 53 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

అమినోప్టెరిన్‌కు తమ్ముడి లాంటి మందే మెథోట్రెక్సేట్. అదే కుటుంబం, అదే పరిశోధనశాల. వాడకంలో కొంత నమ్మదగినదిగా తేలడంతో 1950లలో అమినోప్టెరిన్ స్థానంలోకి వచ్చింది. 1995లో సుబ్బారావుగారి శతజయంతికి మన తపాలా శాఖ స్టాంపు వేసింది. ఆయన పేరు తెలియనివారు కూడా ఆయన పని ఫలాన్ని నేటికీ అందుకుంటున్నారు.

క్యాన్సర్ వార్డు నుంచి కీళ్ల డాక్టరు దగ్గరకు

1951లో అమెరికాలో గబ్నర్ అనే డాక్టరు, ఆయన సహచరులు అమినోప్టెరిన్‌ను చిన్న మోతాదులో కీళ్లవాతం రోగులకు ఇచ్చి చూశారు. వాపులు తగ్గాయి. సోరియాసిస్ అనే చర్మవ్యాధి ఉన్నవారికి ఆ మచ్చలు కూడా తగ్గాయి. అంత మంచి వార్త అప్పుడే పాకిపోయి ఉండాలి. అలా జరగలేదు.

కారణాలు ఊహించడం కష్టం కాదు. సరిగ్గా ఆ రోజుల్లోనే కార్టిజోన్ అనే స్టెరాయిడ్ వచ్చింది. మంచం మీద ఉన్న కీళ్లవాతం రోగులు లేచి నడిచారు. ఆ పరిశోధనకు 1950లో నోబెల్ బహుమతి కూడా ఇచ్చారు. లోకం దృష్టంతా అటే పోయింది. స్టెరాయిడ్ వల్ల కలిగే నష్టాలు కొన్నేళ్లకు గానీ తెలియలేదు. ఇక రెండో కారణం భయం. క్యాన్సర్‌కు ఇచ్చే విషంలాంటి మందును ప్రాణానికి వెంటనే ముప్పు లేని కీళ్లవాతానికి ఎలా ఇస్తామని డాక్టర్లు వెనకాడారు.

మధ్యలో ఆ దీపం ఆరిపోకుండా కాపాడింది చర్మవ్యాధుల డాక్టర్లు. వారు మెథోట్రెక్సేట్‌ను సోరియాసిస్‌కు వాడుతూ వచ్చారు. రోజూ కాకుండా వారానికి ఒక్కసారి ఇస్తే మేలు ఎక్కువ, హాని తక్కువ అని వారి అనుభవంలో తేలింది. 1980లలో కీళ్ల డాక్టర్లు ఆ పద్ధతినే అందుకున్నారు. ఒక గుంపుకు అసలు మందు, మరో గుంపుకు మందులేని ఉత్తి మాత్ర ఇచ్చి, ఎవరికి ఏది ఇస్తున్నారో రోగికీ డాక్టరుకీ తెలియకుండా పరీక్షలు జరిపారు. అందులో పేరుపొందిన ఒక పరీక్షను వైన్‌బ్లాట్ బృందం 1985లో ప్రచురించింది. అది జరిగింది కూడా బోస్టన్‌లోనే. 1988లో అమెరికా ప్రభుత్వ మందుల సంస్థ మెథోట్రెక్సేట్‌ను కీళ్లవాతానికి ఆమోదించింది. ఫార్బర్ పిల్లల నుంచి అక్కడికి సరిగ్గా 40 ఏళ్లు.

ఈ రోజు ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించే అత్యవసర మందుల జాబితాలో మెథోట్రెక్సేట్ రెండు చోట్ల కనిపిస్తుంది. ఒకసారి క్యాన్సర్ మందుల కింద, మరోసారి కీళ్లవాతం మందుల కింద.

చిన్న మోతాదు అంటే ఎంత?

క్యాన్సర్ కొన్ని రకాల్లో ఈ మందును ఒక్క విడతకు గ్రాముల లెక్కన ఆసుపత్రిలో ఎక్కిస్తారు. ఆ తరువాత విరుగుడు కూడా ఇస్తారు. కీళ్లవాతంలో మోతాదు సాధారణంగా వారం మొత్తానికి 7.5 నుంచి 25 మిల్లీగ్రాములు. గ్రాముకు వెయ్యి మిల్లీగ్రాములని గుర్తు చేసుకుంటే తేడా ఎంతో అర్థమవుతుంది.

ఇలా మోతాదు మారితే మందు పని కూడా మారడం మనకు కొత్త కాదు. నొప్పికి, జ్వరానికి 300 మిల్లీగ్రాములకు పైగా వాడే ఆస్పిరిన్‌ను, గుండెపోటు వచ్చినవారికి రక్తం గడ్డకట్టకుండా రోజుకు 75 మిల్లీగ్రాములు ఇస్తున్నారు. ఆ చిన్న మాత్ర తలనొప్పి తగ్గించడానికి కాదు. దాని పని వేరు.

మెథోట్రెక్సేట్ కూడా అంతే. పెద్ద మోతాదులో కణాలు పెరగకుండా ఆపుతుంది. చిన్న మోతాదులో అడినోసిన్ అనే పదార్థం కణాల బయటికి ఎక్కువగా విడుదలయ్యేలా చేస్తుంది. రెచ్చిపోయిన రక్షణ కణాలకు అది "ఇక చాలు, శాంతించండి" అని చెప్పే సంకేతం లాంటిది. మేలులో ఎక్కువ భాగం దీనివల్లనే అని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. సుబ్బారావుగారు 1929లో గుర్తించిన ఏటీపీలో మొదటి అక్షరం ఈ అడినోసిన్‌దే. ఆయన జీవితంలోని రెండు పనులు ఇలా ఒక మాత్రలో కలిశాయి.

మందు రక్తంలో కొద్ది గంటలే ఉంటుంది కానీ కణాల లోపలికి చేరి, అక్కడ చాలా రోజులు నిలుస్తుంది. వారానికి ఒక్కసారి సరిపోవడానికి కారణం అదే. పని మొదలుకావడానికి ఆలస్యం కూడా అందుకే. తేడా తెలియడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. ఇది రోగికి ముందే చెప్పకపోతే, రెండు మాత్రలు వేసుకుని "ఏమీ తగ్గలేదు" అంటూ ఆపేసి మళ్లీ స్టెరాయిడ్ దగ్గరకు వెళ్లిపోతారు.

వారం మందును రోజూ వేసుకుంటే

ఇక్కడ దాతలు ఆగి, నిదానంగా చదవాలని కోరుతున్నాం.

మన ప్రజలకు మందు అంటే రోజూ వేసుకునేదే. ఉదయం ఒకటి, రాత్రి ఒకటి. బీపీ మాత్ర, షుగర్ మాత్ర అన్నీ అంతే. ఆ అలవాటుతో మెథోట్రెక్సేట్‌ను కూడా రోజూ వేసుకుంటే ప్రాణమే పోవచ్చు. ఎముకల మజ్జలో కొత్త రక్తకణాలు పుట్టడం ఆగిపోతుంది. నోరంతా పుండ్లు పడుతుంది. జ్వరం, రక్తస్రావం, విరేచనాలు మొదలవుతాయి. చదువుకున్న దేశాల్లో కూడా ఈ పొరపాటు వల్ల మరణాలు జరిగాయి. అందుకే 2019లో యూరప్ మందుల నియంత్రణ సంస్థ దీన్ని ఆపడానికి ప్రత్యేకంగా కొత్త జాగ్రత్తలు ప్రకటించింది. పెట్టె మీద స్పష్టమైన హెచ్చరిక, రోగి చేతికి ఒక కార్డు వాటిలో ఉన్నాయి.

పొరపాటు ఎలా జరుగుతుందో చూడండి. చీటీ మీద ఇంగ్లీషులో "మండే" అని రాసి ఉంటే దాన్ని "మార్నింగ్" అని చదివిన సంఘటనలు విదేశాల్లో నమోదయ్యాయి. ఒకటి వారానికి, రెండోది ప్రతిరోజుకు. మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. తేలికగా గుర్తుంటుందని రోగి "జుమా రోజు" అనుకుంటారు, మంచిదే. కానీ "జుమా రాత్రి" అంటే మన ఇళ్లలో పెద్దవారికి జుమేరాత్ రాత్రి, అంటే గురువారం రాత్రి. పిల్లలకు అది శుక్రవారం రాత్రి. అత్త గురువారం గుర్తుచేసి వేయిస్తే, శుక్రవారం కొడుకు మళ్లీ వేయించే ప్రమాదం ఉంది. కాబట్టి వారం పేరు, పూట పేరు రెండూ తెలుగులోనూ ఉర్దూలోనూ విడమరచి రాసి పెట్టాలి. "శుక్రవారం, రాత్రి భోజనం తరువాత, వారం మొత్తానికి ఇంతే" అని.

మాత్రల సైజు కూడా గమనించాలి. మార్కెట్లో 2.5, 5, 7.5, 10, 15 మిల్లీగ్రాముల మాత్రలు దొరుకుతాయి. ఒకసారి 2.5వి ఆరు వేసుకున్న రోగికి మరో షాపులో 10వి ఇస్తే, అలవాటుగా ఆరు వేసుకోవచ్చు. ఎప్పుడూ ఒకే సైజు మాత్ర కొనడం, నెలకు సరిపడా మాత్రమే కొనడం మేలు.

మెథోట్రెక్సేట్‌తో పాటు డాక్టర్లు ఫోలిక్ ఆసిడ్ మాత్ర కూడా రాస్తారు. సాధారణంగా దాన్ని మెథోట్రెక్సేట్ వేసుకోని రోజున వేసుకోమంటారు. వికారం, నోటిపూత, లివర్ మీద ప్రభావం దానివల్ల తగ్గుతాయి. ఇది రెండూ పసుపు రంగు చిన్న మాత్రలయినప్పుడు తారుమారయ్యే ప్రమాదం ఉంది. అందుకే రెండింటినీ వేర్వేరు డబ్బాల్లో ఉంచాలి.

ఇంట్లో అందరూ తెలుసుకోవాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. గర్భిణులు ఈ మందు వాడకూడదు. బిడ్డకు తీవ్రమైన హాని జరుగుతుంది. పెళ్లైన, పిల్లలు కావాలనుకునే స్త్రీలు ముందే డాక్టరుకు చెబితే, కొన్ని నెలల ముందు ఆపి, వేరే మందుకు మారుస్తారు. ఈ మాట అడగడానికి మన ఆడవారు సిగ్గుపడతారు. కాబట్టి ఇంటి పెద్దలే చొరవ తీసుకోవాలి. కిడ్నీ, లివర్ జబ్బులున్నవారు ఆ సంగతి దాచకూడదు. సల్ఫా జాతికి చెందిన కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ మాత్ర దీనితో కలిస్తే చాలా ప్రమాదం. జ్వరానికో విరేచనాలకో ఎవరి దగ్గరకు వెళ్లినా "నేను మెథోట్రెక్సేట్ వాడుతున్నాను" అని చెప్పాలి. నోట్లో పుండ్లు, జ్వరం, గొంతు నొప్పి, ఒంటి మీద కమిలిన మచ్చలు, పొడి దగ్గుతో ఆయాసం కనిపిస్తే తరువాతి మాత్ర వేసుకోకుండా వెంటనే డాక్టరును కలవాలి. విషమించిన వారికి ఆసుపత్రుల్లో ల్యూకోవోరిన్ అనే విరుగుడు ఇస్తారు. ఆలస్యం కాకుండా వెళ్లడమే ముఖ్యం.

రమజాన్ గురించి చాలామంది అడుగుతారు. వారానికి ఒక్కసారే కాబట్టి ఇఫ్తార్ తరువాత వేసుకుంటే రోజాకు అడ్డు రాదు. అయితే ఎండాకాలపు రోజాల్లో ఒంట్లో నీరు తగ్గితే కిడ్నీ ద్వారా బయటికి పోవాల్సిన మందు నిలిచిపోతుంది. అందుకని రమజాన్‌కు ముందే ఒకసారి డాక్టరును కలిసి, పరీక్ష చేయించుకుని, వారి సలహా ప్రకారం నడుచుకోవాలి.

మాత్ర చవక, కాపలా ఖరీదు

ఇప్పుడు దాతల ప్రశ్నకు వద్దాం. మాత్ర ఖరీదు కొద్ది రూపాయలైతే ఖర్చు ఎక్కడ?

మందు మొదలుపెట్టే ముందే రక్తకణాల లెక్క, లివర్, కిడ్నీ పరీక్షలు, హెపటైటిస్ బి, సి పరీక్షలు, ఛాతీ ఎక్స్‌రే అవసరమవుతాయి. మొదటి మూడు నెలల్లో రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి రక్తపరీక్ష చేస్తారు. తరువాత కొంత ఎడం పెంచి, కుదురుకున్నాక సుమారు మూడు నెలలకు ఒకసారి చేస్తారు. మందు వాడినంత కాలం ఇది ఆగదు. పైగా కీళ్లవాతం డాక్టర్లు అన్ని ఊళ్లలో లేరు. హైదరాబాద్‌లో నిమ్స్ వంటి చోట్ల ప్రత్యేక విభాగం ఉంది. జిల్లా నుంచి అక్కడికి రావాలంటే బస్సు చార్జీ, తోడు వచ్చే మనిషి కూలి, ఒక రోజు తిండి. రోజు కూలితో బతికే ఇంటికి ఇది మాత్రల ఖరీదు కన్నా ఎన్నో రెట్లు.

డబ్బు సరిపోనప్పుడు పేదవారు ముందుగా మానేసేది ఏది? మాత్ర కాదు, పరీక్ష. "ఒంట్లో బాగానే ఉంది కదా, ఈసారి వద్దులే" అనుకుంటారు. పరీక్ష లేకుండా నడిచే మెథోట్రెక్సేట్ బ్రేకులు లేని బండి లాంటిది. లేదంటే భయపడి మందే ఆపేస్తారు, అప్పుడు కీళ్లు పోతాయి. రెండు దారుల్లోనూ నష్టపోయేది ఆ ఇల్లే.

ప్రతి పాత మందూ ప్రతి జబ్బుకూ పనిచేయదు

పాత మందులు కొత్త జబ్బులకు పనికొస్తాయన్న మాట వినగానే కొందరు ఉత్సాహపడతారు. నిజంగా పనికొచ్చినవి ఉన్నాయి. మలేరియా కోసం వచ్చిన హైడ్రాక్సీక్లోరోక్విన్ కీళ్లవాతానికి, లూపస్ అనే జబ్బుకు మంచి మందు. మెథోట్రెక్సేట్ ఒక్కదానితో జబ్బు అదుపులోకి రాని 353 మంది మీద జరిగిన ఒక పరీక్ష 2013లో అచ్చయింది. మెథోట్రెక్సేట్‌కు సల్ఫాసలజైన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే రెండు పాత మందులు కలిపితే వచ్చిన ఫలితం, ఎటానర్సెప్ట్ అనే ఖరీదైన ఇంజెక్షన్ కలిపితే వచ్చిన ఫలితానికి తీసిపోలేదు. పేద రోగులకు ఇది ఎంత పెద్ద వార్తో చెప్పనక్కరలేదు. మూడు పాత మందులతో తగ్గనివారికి ఆ ఇంజెక్షన్లు అవసరమే, అది కూడా నిజం.

మరో వైపు కూడా చూడాలి. కీళ్లవాపు తగ్గించే మెథోట్రెక్సేట్ గుండె రక్తనాళాల వాపు కూడా తగ్గించి, గుండెపోటు ఆపుతుందేమోనని 4,786 మంది మీద ఒక పెద్ద పరీక్ష చేశారు. 2019లో అచ్చయిన ఫలితం ప్రకారం ఆ మేలు కనిపించలేదు. ఆశ ఎంత సబబుగా ఉన్నా పరీక్షలో నిలవాలి. నిలిచింది కాబట్టే కీళ్లవాతంలో దీన్ని నమ్ముతున్నాం. నిలవలేదు కాబట్టి గుండెకు దీన్ని ఎవరూ ఇవ్వరు. ఫోనులో ఎవరో పంపిన మెసేజ్ చూసి "ఈ పాత మందు ఆ జబ్బుకు కూడా పనిచేస్తుందట" అని మొదలుపెట్టడానికీ దీనికీ ఉన్న తేడా అదే. పేటెంటు కాలం తీరిపోయిన మందు మీద ఏ కంపెనీకీ పెద్ద లాభం ఉండదు. అందుకే ఇలాంటి పరీక్షలు చాలావరకు ప్రభుత్వాల సొమ్ముతో, ధర్మనిధుల సొమ్ముతో నడుస్తాయి.

దాతల సొమ్ము ఎక్కడికి చేరాలి?

ఇంతసేపు చెప్పిన దాని నుంచి మాకు తోచిన పని ఇది. కీళ్లవాతం రోగికి ఒక్కసారి పెద్ద మొత్తం ఇచ్చి చేతులు దులుపుకోవడం కన్నా, ఏడాది పొడవునా చిన్న మొత్తం ఆగకుండా అందేలా చూడటం మేలు. అందులో మూడు భాగాలు ఉండాలి.

మొదటిది, రక్తపరీక్షల ఖర్చు. దీన్ని రోగి చేతికి కాకుండా ల్యాబ్‌కే నేరుగా కడితే పరీక్ష మానేయడం ఉండదు. రెండోది, డాక్టరు దగ్గరకు వెళ్లివచ్చే చార్జీలు. మూడోది, రోగి చేతిలో ఒక కార్డు. అందులో తెలుగులోనూ ఉర్దూలోనూ మందు వేసుకునే వారం, పూట, మాత్ర సైజు, ఎన్ని మాత్రలు, తరువాతి పరీక్ష తేదీ రాసి ఉండాలి. దీనికి డబ్బు దాదాపు అక్కరలేదు. చదువుకున్న యువతీ యువకులు వారంలో ఒక పూట కేటాయించి, ఫోను చేసి "ఆపా, ఈ వారం మాత్ర వేసుకున్నారా? ఒక్కసారేనా?" అని అడిగితే చాలు. డబ్బు ఇవ్వలేనివారు ఇవ్వగలిగిన సదఖా ఇది. జకాత్ సొమ్ములో నుంచి ఇటువంటి ఖర్చు పెట్టేటప్పుడు అర్హతల విషయంలో ఉలమా సలహా తీసుకోవాలన్నది మా మాట.

చిన్నదైనా నిలకడగా చేసే మంచి పని అల్లాహ్‌కు ఎక్కువ ప్రీతికరమని మనమంతా చిన్నప్పటి నుంచి విన్నవాళ్లమే. ఈ మందు కూడా అలాంటిదే. కొద్దిపాటి మోతాదు, వారం వారం తప్పకుండా, పైన ఒకరి కాపలా ఉన్నప్పుడే మేలు చేస్తుంది. మన సాయం కూడా అలాగే అందితే, కుట్టు మిషన్ మీద వంగే ఆ వేళ్లు ఇంకా చాలా ఏళ్లు తమ ఇంటిని తామే పోషించుకుంటాయి, ఇన్షాఅల్లాహ్.